యార్డు కాడి ఎర్రబండి

జోయల్ సారు ఊరికొచ్చిన రోజు పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు చాలలేదు. కొందరు అరుగు మీద, కొందరు నేల మీద కూర్చున్నారు. రాయమల్లు కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. బామ్మర్ది అంతయ్య ఉన్న చోట కూర్చోవడం మానేసి ఏడాది అయింది. మాటలూ అప్పుడే మానేశాడు.

జోయల్ ఫైర్ ఆఫీసరు. మెత్తటి మనిషి.

"మండలంల ఉన్న ఫైరింజను తీసి మంచిర్యాల దిక్కు పంపుదామంటున్నరు," అన్నాడు. "ఏడ మంటలు ఎక్కువుంటే ఆడ బండి ఉండాలె. మీ దిక్కు ఊర్ల నుంచి ఒక్క ఫోను రాలే. నిజంగనే మంటలు లేవా, చెప్పక ఊకుంటున్నరా? ఉన్నయంటే చెప్పుండ్రి. పైకి రాసి బండి ఆపిస్త."

"మా ఊర్ల అగ్గి అంటే యాదవ్వ నోట్లెనే సారూ," అన్నాడు గంగయ్య.

"ఇంటికి పోయి నీ పెండ్లాన్ని అడుగు, ఎవరి నోట్లె ఉన్నదో చెప్తది," అంది యాదవ్వ.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ నోరు విప్పలేదు.

నోరు విప్పకపోవడానికి కారణం ప్రతి ఇంట్లోనూ ఉంది. ధర పెరుగుతుందని పత్తి ఇళ్ళలోనే పోసుకున్నారు. ముందు గది నిండితే నడిమి గది, అదీ నిండితే దేవుడి అర్ర. స్విచ్చుబోర్డులు పత్తి కింద మూసుకుపోయాయి. వంట వాకిట్లో, పడక పత్తి మీద, ఒళ్ళంతా దురద. మంటలున్నాయని చెబితే ఇళ్ళలో పత్తి పెట్టొద్దంటాడు సారు. అప్పుడు వ్యాపారి నోటికొచ్చిన ధరకే అమ్ముకోవాలి. గంగయ్య కొట్టం కాలిన సంగతి గంగయ్యే మరిచిపోయినట్టు కూర్చున్నాడు.

"మా ఊర్ల అగ్గి అంటుకోలే సారూ," అన్నాడు అంతయ్య. అతను వార్డు మెంబరు. అతని మాటే ఊరి మాట.

రాయమల్లు గోడ వదిలి ముందుకొచ్చాడు.

"మరి మీ అక్క దేనికి సచ్చిందిరా?"

అంతయ్య తల దించుకున్నాడు.

పోయిన పత్తి కాలంలో, పట్టపగలు, రాయమల్లు నడిమి గదిలో పత్తి కింద కరెంటు తీగ కాలి మంట లేచింది. ఊరి మగవాళ్ళు చేలకు మందు కొట్టే పంపులు వీపున వేసుకుని వచ్చి నీళ్ళు చిమ్మారు. ఫోను అంతయ్య చేతిలో ఉంది. "ఫైరింజనుకు కొట్టురా," అని రాయమల్లు అరిచాడు. "ఏడికని కొట్టాలె బావా? మన బండి యార్డు కాడ లేదా?" అన్నాడు అంతయ్య. ఎవరూ కాదనలేదు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి తోలిన ప్రతిసారీ గేటు పక్కన ఎర్రబండి కనిపించేది. మన మండలం బండినే షావుకార్ల సరుకుకు కాపలా పెట్టారని ఊరంతా అనుకునేది. తిట్టుకుంటూ ఇంటికొచ్చేది.

ఆ రోజు చాలాసేపటికి కుప్ప పైన నల్లబడింది. పొగ సన్నబడింది. ఆరిందన్నారు. పత్తి మంట పైన ఆరినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. "ఎనుక దిక్కు తెల్ల పత్తి ఉన్నది, జర గుంజుకొస్త," అని రాయమల్లు భార్య కనకవ్వ లోపలికి పోయింది. కుప్ప విరిగి మీద పడింది. లోపలంతా నిప్పే.

జోయల్ రాయమల్లు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క ఇల్లు చెప్తే బండి ఆగది పెద్దయ్యా. ఊరు చెప్పాలె." అంతయ్య వైపు తిరిగాడు. "ఏమన్నా, పత్తి అంటుకునే గదా ఆమె పోయింది?"

అంతయ్య తన ఇంటి వైపు చూశాడు. కిటికీ చువ్వల్లోంచి పత్తి బయటికి ఉబికి ఉంది.

"దీపం కిందపడ్డది సారూ. పత్తి గిత్తి ఏం లేదు. మా అక్కనే జర చూసుకోలే."

ఎవరూ కాదనలేదు. ఈసారీ.

సంక్రాంతి దాటాక బండి కదిలింది. మంచిర్యాల పోయే తోవ ఊరి మీదుగానే. రాయమల్లు రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. బండి ఆగింది.

"ఏం పెద్దయ్యా, బతుకు మీద ఆశ లేదా?" అన్నాడు డ్రైవరు సీమోను.

"యార్డు కాపలా అయిపోయిందా బిడ్డా?"

"ఏ యార్డు?"

"ఆదిలాబాద్ యార్డు. పత్తి కాలమంత ఆడనే ఉంటిరి గద."

సీమోను నవ్వాడు. "అది టౌను బండి పెద్దయ్యా. ఎర్రగున్నయన్నీ మాయేనా? మేం ఆడికి ఒక్కనాడు పోలే. ట్యాంకు నింపుకొని మండలంలనే కూసుంటిమి. ఫోను మోగితే గద కదిలేది. మోగలే. గందుకే పంపిస్తున్నరు."

రాయమల్లు బండి వచ్చిన తోవ వైపు చూశాడు.

"మండలంకెళ్ళి ఈడికి రానీకి ఎంత సేపైంది?"

"ఎంత సేపు? మా ఫైరు పోస్టు కాడ చాయ్ తాగి ఎక్కిన. నోట్ల తీపి ఇంక పోలే."

వెనక అంతయ్య నిలబడి ఉన్నాడు. బండిని చూద్దామని వచ్చినవాడు. అంతా విన్నాడు. అంగీ జేబులో ఫోను ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బావా... నాకు తెల్వదు బావా. అక్క మీద ఒట్టు. పా, సారు కాడికి పోదాం. ఉన్నది ఉన్నట్టు చెప్త."

రాయమల్లు అతని ముఖం చూడలేదు.

"దీపం కిందపడ్డది గదరా," అన్నాడు. "మీ అక్కనే చూసుకోలే గద."

పిల్లలు బండి చుట్టూ మూగి సైరను కొట్టమని గోల చేశారు. సీమోను కొట్టాడు. ఊళ్ళో ఆ మోత వినబడటం అదే మొదలు. ఆడవాళ్ళు పత్తి గదుల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. బండి మలుపు తిరిగి పోయింది. పిల్లలు కొంత దూరం ఉరికి తిరిగొచ్చారు.

అంతయ్య రోడ్డు పక్కన దుమ్ములో కూలబడ్డాడు. "బావా," అన్నాడు మళ్ళీ.

రాయమల్లు అతన్ని దాటుకుని ఇంటికి పోయాడు. ఈ ఏడు పత్తి చేను కాడే అమ్మేశాడు. నడిమి గది ఖాళీ. గోడలు నల్లగానే ఉన్నాయి, సున్నం వేయలేదు. చిలక్కొయ్యకున్న మందు పంపు దించాడు. కడిగాడు. నిండా నీళ్ళు పోసి గడప పక్కన పెట్టాడు.

ఆ ఇంట్లో కాలడానికి ఇంకేమీ లేదు. అయినా నింపాడు.