తూర్పు గోడ మీద ఎండ

ఎమిల్ ప్రోకోప్ గోడ మీద బొటనవేలు నొక్కి చూశాడు. రంగుకు ముందు పూతగా నిన్న వేసిన ప్రైమర్ గట్టిగా ఆరింది. కానీ గోడ పొడవునా బిగించిన అల్యూమినియం రేకు పట్టీల మీద తెల్లవారుజాము మంచు పట్టి ఉంది. సంచిలోంచి పాత తువ్వాలు తీసి, నిచ్చెనెక్కి, పై పట్టీ నుంచి ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. ఇంత పొద్దున్నే అతను ఏనాడూ బ్రష్షు పట్టలేదు.

కిటికీ తలుపు పైకి లేచింది. సాబోల్ ముసలమ్మ తల బయటపెట్టింది. అతని తల్లితో కలిసి నలభై ఏళ్లు చర్చి వంటగదిలో పిండి పిసికిన మనిషి. ఎమిల్ ఆవిడను చిన్నప్పటినుంచీ పిన్నీ అనే పిలుస్తాడు.

“ఒరే, కోడి కూడా లేవలేదు కదరా!”

“నీ మేనకోడలు లేచే ఉంటుంది పిన్నీ.”

“అదా? దానికి పదింటిదాకా తెల్లారదు,” అని కిటికీ వేసుకుంది.

పనికి ఎమిల్ పద్ధతి ఒకటుంది. నీడ ఎటుంటే అటు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ. ఎండ తగిలిన రేకు మీద రంగు పడీపడగానే బిగుసుకుంటుంది. ఒక పట్టీ మొదలుపెడితే ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఆపకుండా లాగాలి. మధ్యలో ఆగితే తడి అంచు ఆరిపోతుంది, ఆ చోట గీత పడుతుంది. తర్వాత ఎన్నిసార్లు పూసినా, పక్కనుంచి వెలుగు పడ్డప్పుడు ఆ గీత కనబడుతుంది.

ఈ ఇంటికి మూడు రోజులు కడగడమే సరిపోయింది. యాభై ఏళ్లనాటి ఆకుపచ్చ రంగు సుద్దపొడిలా చేతికి అంటింది. ఆ పొడి మీదే రంగేస్తే ఏడాది తిరక్కుండా పొట్టులా రాలిపోతుంది. తర్వాత మూడు గోడలూ అయ్యాయి. వీధివైపు తూర్పు గోడ ఒక్కటే మిగిలింది. దానికి రెండు మధ్యాహ్నాలు అనుకున్నాడు.

నిన్న సాయంత్రం మేనకోడలు కారొలిన్ ఫోన్ చేసింది. వృద్ధుల నివాసంలో గది ఖాళీ అయిందట. ముందు అనుకున్నట్టు శనివారం దాకా ఆగరట. ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికే వచ్చి తీసుకెళ్తానంది.

సాబోల్ ముసలమ్మ ఫోన్ పెట్టేసి, వాకిట్లో బ్రష్షులు కడుగుతున్న ఎమిల్ దగ్గరకు వచ్చి నిలబడింది.

“ఈ రేకులు బిగించినప్పుడు ఆ అమ్మకాలవాడు మా ఆయన జోకి ఏం చెప్పాడో తెలుసా? ఇక మీ జన్మలో రంగు వెయ్యక్కర్లేదన్నాడు. మా ఆయన నమ్మాడు. ఆయన పోయాక కూడా ఆయన మాట పోనివ్వడం ఇష్టంలేక నేను వేయించలేదు. వీధంతా నవ్వుకుంది. ఇప్పుడు ఇది ఇలా పాలిపోయి ఉండగా గుమ్మం దిగితే, ముసల్ది ఇల్లొదిలేసి పోయిందంటారు. ముస్తాబు చేసి పోయిందనాలి. నా కళ్లతో చూసి పోవాలిరా.”

“చూస్తావు,” అన్నాడు ఎమిల్. అన్నాక రాత్రంతా ఎలాగా అని ఆలోచించాడు.

ఏడున్నరకి ఎదురుగా ఉన్న కొండ మీదినుంచి సూర్యుడు తొంగిచూశాడు. అప్పటికి గోడలో పై మూడో వంతు అయింది. వెన్న రంగు. ఎమిల్ రెండు నిచ్చెనల మధ్య వేసిన చెక్క మీద నిలబడి, నేల మీద పరిచే గుడ్డను చూరు కొక్కేలకు వేలాడదీసి, దాని వెనక నీడలో పని చేశాడు. గాలికి గుడ్డ ఎగిరి వీపుకి కొట్టుకుంటోంది. పట్టీ అయ్యాక గుడ్డ జరపడం, మళ్లీ తుడవడం, మళ్లీ లాగడం. అరవై ఆరేళ్ల మోకాళ్లు చెక్క మీద కిర్రుమన్నాయి.

తొమ్మిదింటికి ముసలమ్మ జూన్ ఎండలో కోటూ టోపీ వేసుకుని, వంటింటి కుర్చీ ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. పక్కింటి బెర్నీ, బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నవాడు, పరుగెత్తుకొచ్చి కుర్చీ అందుకున్నాడు.

“రాణీగారికి సింహాసనం ఎక్కడ వెయ్యమంటారు?”

“అవతలి పక్క వెయ్యి. ఇల్లు మొత్తం కనబడాలి.”

అవతలి కాలిబాట ఇరుకు. బెర్నీ కాలిబాటకు ఆనించి వీధి అంచునే, ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీలో కుర్చీ వేశాడు. ముసలమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ క్షణం నుంచీ ఎమిల్‌కి మేస్త్రీ దొరికింది.

“ఎడమ మూల వదిలేశావు!”

“అది నీడ పిన్నీ!”

“నీడైతే కదలాలి కదా, కదలదేం?”

“ఎండలో రంగేస్తున్నాడంటే లోకం మునిగినట్టే,” అన్నాడు బెర్నీ. “ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా. వీడు పెళ్లి కూడా నీడలోనే చేసుకుని ఉంటాడు.”

ఎమిల్ తల తిప్పకుండా బ్రష్షు రంగులో ముంచాడు. బెర్నీ నాలిక కరుచుకుని, కాఫీ తెస్తానని లోపలికి పోయాడు.

ఎమిల్ పదిహేడేళ్లు ఉక్కు మిల్లులో పనిచేశాడు. మిల్లు మూసేశాక వీధిలో సగం మంది పనుల కోసం టెక్సాస్ దారి పట్టారు. భార్య రీటా తన అన్నతో ముందు వెళ్లి ఇల్లు వెతుకుతానంది. అప్పుడతను కొండ దిగువన ఒకరి ఇంటికి రంగు వేస్తున్నాడు. వెళ్లేరోజు అన్న కారు ఆ ఇంటి ముందు ఆగింది. రీటా దిగి నిలబడింది. “ఈ పట్టీ చివరిదాకా లాగి దిగుతా,” అన్నాడు ఎమిల్. లాగి దిగేసరికి కారు లేదు. చీకటి పడేలోగా సగం దారి దాటాలని అన్నగారి తొందర. పోనీలే, వారంలో తనూ వెళ్తాడు కదా అనుకున్నాడు. ఆ ఇల్లు అయ్యాక ఇంకో ఇల్లు వచ్చింది. చేతిలో పని సగంలో వదిలి పోవడం అతనికి చేతకాలేదు. రెండేళ్లకి ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ గోడ ఇప్పటికీ ఉంది. దాని మీద ఎక్కడా గీత లేదు.

పదకొండు దాటింది. చెక్క నేలకు మోకాలెత్తున ఉంది. కింద ఆరు పట్టీలున్నాయి, ఏడోది సగంలో ఉంది. గంటలో అవుతుంది. సరిగ్గా అప్పుడే కారు వచ్చి కుర్చీ పక్కన ఆగింది.

“అత్తా, వాళ్లు పన్నెండింటికే భోజనాలు పెట్టేస్తారట. ఇప్పుడే బయల్దేరాలి,” అంది కారొలిన్.

“ఉండవే, వాడి పట్టీ అవ్వనీ.”

“ఆలస్యమైతే గది ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు అత్తా.”

ఎమిల్ బ్రష్షు పట్టీ మధ్యలో ఉంది. ఇవతల మెరుస్తున్న తడి, అవతల బూడిదరంగు ప్రైమర్. చివరిదాకా ఎనిమిది అడుగులు. నాలుగు నిమిషాల పని.

“దిగకురా!” వీధి అవతలినుంచి అరిచింది ముసలమ్మ. “గీత పడుతుంది!”

అతను బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టి, నిచ్చెన దిగి, వీధి దాటాడు.

“చెబితే వినవు కదా. పాడు చేసుకున్నావు.”

“పడనీ పిన్నీ.”

చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆవిడ మోచెయ్యి పట్టుకుని లేపాడు. చేతి సంచంత తేలిగ్గా లేచింది. కారులో కూర్చోబెట్టి, బెల్టు బిగించాడు. ఆవిడ అద్దంలోంచి ఇంటిని చాలాసేపు చూసింది. కారొలిన్ తాళం తిప్పకుండా ఆగింది.

“కింది ఆరూ మిగిలాయి,” అన్నాడు ఎమిల్.

“అవెవరిక్కనబడతాయిరా, ఎప్పుడూ కార్లు అడ్డమేగా.” ఆవిడ అతని చేతి మీద రెండుసార్లు తట్టింది. “బాగుంది. జో ఉంటే దండగ అనేవాడు. అయినా బాగుంది. ఇక పద వెళ్లు, ఆరిపోతోంది.”

అతను వెళ్లలేదు. కారు మలుపు తిరిగి, కొండ దిగి, చప్పుడు కూడా ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి అంచు ఆరిపోయింది. అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టాడు. ఒంటిగంట కల్లా ఆరు పట్టీలూ అయ్యాయి. బ్రష్షులు కడిగి, నిచ్చెనలు వ్యానుకి కట్టి, గుడ్డ మడిచి వెళ్లిపోయాడు.

ఆ కొండవీధుల్లో మంచు కాలంలో పేరుకున్న మంచు తవ్వి కారుకి చోటు చేసుకున్నవాళ్లు, అది తమదని తెలియడానికి అక్కడొక కుర్చీ వేసిపోతారు. ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. ఇది జూన్ నెల. అయినా సాయంత్రం పనులనుంచి వచ్చినవాళ్లు చోటు కోసం వీధంతా తిరుగుతూ, ఆ ఖాళీ దగ్గర నెమ్మదించి, ముసలమ్మ కుర్చీని చూసి ముందుకు పోయారు. స్టీలు కాళ్లు, ఎర్ర రెక్సిన్ సీటు, ఒక మూల చిరిగితే అంటించిన నల్లటి టేపు. వెన్న రంగు గోడకు ఎదురుగా, రెండు కార్ల మధ్య, అది అలాగే ఉంది.