దయచేసి మెట్లు వాడండి

లిఫ్టు మెకానిక్ పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటాడు, వదిన పెట్టింది తింటాడు, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరతాడు. మెడలో బోర్డు మాత్రం వేసుకోడు. వేసుకోవాలంటే ముందు తియ్యాలి కదా, తీస్తే కదా!

రేకు బోర్డది, తాడుతో. "రిపేరులో ఉంది. దయచేసి మెట్లు వాడండి" అని ఎర్ర రంగుతో రాసుంటుంది. లిఫ్టు బాగుచేస్తున్నంతసేపూ తలుపుకి తగిలించేది. ఒక లిఫ్టు నుంచి ఇంకో లిఫ్టుకి వెళ్ళేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలని మెడలో వేసుకుంటాడు. పనీ, ఈ అలవాటూ రెండూ అన్నయ్య నేర్పినవే. కిందటి వానాకాలంలో ఓ మధ్యాహ్నం అన్నయ్య గుండె ఆగిందని ఫోనొస్తే, ఉన్నవాడు ఉన్నట్టే బోర్డుతో పరుగెత్తాడు. ఆ రోజు నుంచి దాన్ని తియ్యలేదు. ఆ రోజు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు.

బోర్డు ఎక్కడుంటే అక్కడ దాని మాట చెల్లుతుంది. పక్కింటావిడకి అతనితో పనిబడితే, ఎదురుగా వచ్చి బోర్డు చదువుకుని, అతన్ని చుట్టి వెళ్ళి వంటింట్లో వదినకి చెప్పిపోతుంది. అతనికీ అదే బాగుంది.

"ఉప్పు సరిపోయిందా?" అంటుంది వదిన.

"ఉంది."

"ఉందని నాకూ తెలుసు. వేసింది నేనే."

వదిన కాపురానికొచ్చే నాటికి అతనికి మీసాలు కూడా రాలేదు. పొడుగవుతున్నకొద్దీ ప్యాంట్ల అంచులు విప్పి కుట్టింది ఆవిడే. అటువంటి వదిన శుక్రవారంనాడు సూట్‌కేసు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది.

"సోమవారం చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇక అక్కడే ఉంటా."

"సరే వదినా."

"ఎందుకని అడగవూ?"

"ఎందుకు?"

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఏడుస్తున్నా గనక. అక్కడ తోడుగా అదైనా ఏడుస్తుంది. దానికి ఉల్లిపాయ కూడా అక్కర్లేదు."

మెకానిక్ తలూపి చెయ్యి కడుక్కున్నాడు.

శనివారం కంపెనీవాళ్ళంతా జలపాతం చూడ్డానికి కొండెక్కారు. వదిన కూడా వచ్చింది. రోజంతా జనాన్ని మేడలెక్కించేవాళ్ళు, పాపం, సొంత కాళ్ళతో ఎక్కలేక రొప్పుతున్నారు.

"ఈ కొండకో లిఫ్టు పెడితే పోయేది కదా," అన్నాడు స్టోర్‌కీపర్.

"పెడితే రిపేరుకి మనమే రావాలి. మాట్లాడకుండా ఎక్కు," అన్నాడు ఫోర్‌మన్.

జలపాతం కింద ఫోర్‌మన్ మెకానిక్‌ని ఆపాడు. "తడిస్తే రంగు పోతుందయ్యా. తీసి ఎక్కడన్నా తగిలించు." మెకానిక్ బోర్డు తీసి నీళ్ళ పక్కన రాతి కొసకి తగిలించాడు.

జలపాతం ఆగిపోయింది. పైనున్న నీళ్ళు పైనే, తీగ మీద ఆరేసిన దుప్పటిలా.

"రిపేరట," అని చదివారు ఎవరో. కొందరు మెట్లెటున్నాయని వెతకడం మొదలెట్టారు.

"ఎవర్రా అది! నా నెత్తిన సబ్బుంది!" అరిచాడు స్టోర్‌కీపర్.

ఆ నిశ్శబ్దంలో మెకానిక్ గుండెల్లో ఏదో చిన్నగా కుదిపింది. ఇరుక్కున్న లిఫ్టు కదలబోయే ముందు కుదుపుతుందే, అలా. హడలిపోయి బోర్డు లాక్కుని మెడలో వేసేసుకున్నాడు. నీళ్ళన్నీ ఒక్కసారిగా పడ్డాయి. సబ్బుతో పాటు స్టోర్‌కీపర్ తువ్వాలు కూడా కొట్టుకుపోయింది. దిగేదాకా అందరూ తువ్వాలు గురించే మాట్లాడుకున్నారు. వదిన మాత్రం మరిది మొహం చూసింది.

ఆదివారం సాయంత్రం, "సర్దడం అయిపోయింది. ఇద్దరం గోడలు చూస్తూ కూర్చోవడం దేనికి, సినిమాకి పద," అంది.

సినిమాలో ఒకావిడ పోయిన భర్త చొక్కా ఇస్త్రీ చేస్తుంది. అంతే. పాట లేదు, వాన లేదు. బొత్తాలు కూడా పెట్టి, మడతపెట్టి బీరువాలో పెట్టింది. హాలంతా జలుబు చేసినట్టు ముక్కులు చీదింది. టికెట్లు చింపేవాడు తలుపు దగ్గరే నిలబడి కళ్ళొత్తుకున్నాడు.

"ఏసీ మోటారులో బేరింగు అరిగింది, విన్నావా?" అన్నాడు మెకానిక్.

"తల వంచు," అంది వదిన.

చిన్నప్పుడు తడి తల తుడిచేటప్పుడు అనే మాటే అది. అలవాటుకొద్దీ వంచాడు. ఆవిడ తాడు పైకెత్తి బోర్డు తీసి, బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కప్పేసింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కుదిపింది. తర్వాత ఎక్కడో పై అంతస్తులో ఆగిపోయినదేదో మెల్లగా దిగడం మొదలెట్టింది. అన్నయ్య చేతుల గ్రీజు వాసన వచ్చింది. "స్క్రూ బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టకురా" అన్న మాట వినబడింది. మెకానిక్ బావురుమన్నాడు.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "అయ్యా, ఇప్పుడొచ్చేది కామెడీ సీను."

"వాడు ఆలస్యంగా వచ్చాడు బాబూ," అంది వదిన. "ఇంకా ముందు సీనులోనే ఉన్నాడు." అని తనూ ఏడ్చింది. తెర మీద ఎవరో జారి పడ్డారు, హాలంతా నవ్వింది, వీళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెక్కుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక మెకానిక్ బోర్డు పట్టుకుని ఇల్లంతా చూశాడు. చివరికి సూట్‌కేసు పిడికి తగిలించాడు.

"వెళ్ళొద్దని అనట్లేదు వదినా. ఎక్కడో ఓ చోట తగిలించాలి కదా."

"ఎన్నాళ్ళు పడుతుందేం రిపేరు?"

"పెద్ద పనే."

సోమవారం పొద్దున్న టాక్సీ డ్రైవరు లిఫ్టులో పైకొచ్చాడు. సూట్‌కేసు ఎత్తబోయి బోర్డు చదివి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రిపేరాండీ?"

"అవును బాబూ," అంది వదిన.

లోపలినుంచి కేక వినబడింది. "వదినా! ఇదేం ఉప్పు, కూరా సముద్రమా?"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. లిఫ్టు తలుపులు తెరుచుకునే ఉన్నాయి. అయినా మెట్ల మీదుగానే దిగి వెళ్ళాడు.