ఎముక చుట్టూ నలుపు

పెద్దాయన అప్పటికే సగం తోక శుభ్రం చేసేశాడు. భూతద్దం కింద రాతిపలక, చేతిలో పొడవాటి సూది, పక్కన మెత్తటి కుంచె. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ మ్యూజియం వెనక గదిలో ఆయన పని ఇదే. రాతిలోంచి డైనోసార్ ఎముకల్ని బయటికి తీస్తాడు. చుట్టూ ఉన్న నల్లటి మరకని గీకి పారేయనిదే ఆయనకి నిద్రపట్టదు. సాయంత్రం సూదిని చొక్కా అంచుకి తుడిచి ఇంటికి బయల్దేరతాడు. ఆ నల్ల చారలు వదలక భార్య రోజూ సణుగుతుంది.

పక్క బల్ల దగ్గర కోడలు. ఆమెకి పని నేర్పింది ఆయనే. ఎముక తోమిన గిన్నెలా ఉండాలని దగ్గరుండి గీకించాడు.

"మావయ్యా, ఆ నలుపు గీకకండి," అంది కోడలు.

"ఏం, మసి మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

"మసి కాదండి. ఎక్కడో ఒకటి దొరికిందట, ఈకలతో సహా. నిన్న మన మ్యూజియం మేడమ్ ఫొటోలు చూపించారు. ఎముకల చుట్టూ అచ్చం ఇదే నలుపు."

"డైనోసార్‌కి ఈకలేంటమ్మా, కోడిపెట్టా?"

నవ్వాడు గానీ చెయ్యి ఆగింది. గీకింది మళ్లీ అతికించలేరు. పలకేమో సాయంత్రానికి జనం చూసే హాల్లోకి వెళ్లాలి.

కోడలు లేచి గదిలో లైటు ఆర్పి, బల్లదీపాన్ని పలక పక్కకి వంచింది. ఏటవాలు వెలుగులో మిగిలిన నలుపు మీద సన్నటి గీతలు తేలాయి, ఎవరో ఒకే వైపుకి దువ్వినట్టు. ఆయన గీకిన సగంలో ఎముకలు తళతళలాడుతున్నాయి. వాటి చుట్టూ ఏమీ లేదు. పెద్దాయన ఆ ఖాళీని వేలితో తడిమాడు.

"ఎన్నిటికి గీకేశానే తల్లీ."

"తెలియక చేశాం. నేనూ గీకాను కదండీ."

ఆయన సూది బల్ల మీద పెట్టేసి నేరుగా మేడమ్ గదికి వెళ్లాడు. "పలకని ఇలాగే పెట్టండి," అన్నాడు గట్టిగా. "ఇటు సగం మనం అనుకున్నది, అటు సగం అది నిజంగా ఉన్నది. జనం రెండూ చూడాలి."

మేడమ్ పలక చూసి సరేనంది. ఆ సాయంత్రం పెద్దాయన హుషారుగా ఇల్లు చేరి, ఈకలున్న డైనోసార్ ఎలా నడిచేదో భార్యకి నడిచి చూపించాడు. చొక్కా అంచు శుభ్రంగా ఉందేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. తెల్లవారేసరికి ఆయన నిద్రలోనే పోయాడు.

హాల్లో ఆ పలక ముందు ఇప్పటికీ జనం ఆగుతారు. కర్మలన్నీ అయ్యాక కోడలు పనిలోకి వచ్చి, ఆయన బల్ల తుడిచి, కుంచె కడిగింది. సూదిని మాత్రం తుడవలేదు. దాని మొనకి కాస్త నల్లటి పొడి అంటుకుని ఉంది.