మైసూరుకు మూడు దోవలు

ధర్మవరానికి పట్టుచీర కొనడానికి వచ్చినవాళ్ళు చీరతో పాటు మా ఆయన దగ్గర ఒక సలహా కూడా పట్టుకుని పోతారు. ఆయన పేరు లక్ష్మీనారాయణ, చీరల అంగడిలో గుమస్తా. చీర మడత విప్పుతూనే "మీది యా ఊరమ్మా?" అని అడుగుతాడు. వాళ్ళు ఊరి పేరు చెప్పడమే ఆలస్యం. ఏ బండి ఎన్ని గంటలకు, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ఏ పెట్టె ఎక్కితే దిగేటప్పుడు మెట్లకు ఎదురుగా ఆగుతుంది, అన్నీ ఏకరువు పెడతాడు. వాళ్ళు దండం పెట్టి మరీ పోతారు. కొందరు చీర కొనడం మరిచిపోయి పోతారు, అది వేరే సంగతి.

ఇంత తెలిసిన మనిషి పెళ్ళయిన పదకొండేళ్ళలో నన్ను తీసుకుపోయిన దూరం మా పుట్టిల్లు తాడిమర్రి. దానికి కూడా బత్తలపల్లిలో బస్సు మారాలా, ఇక్కడే ఆటో మాట్లాడుకోవాలా అని ముప్పావు గంట తర్జనభర్జన. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ మాట పుట్టించినవాళ్ళు మా ఇంటి ముందు నుంచే పోయి ఉంటారు.

నేను ఇంట్లో మగ్గం నేస్తాను. మగ్గానికి పండగలూ ఆదివారాలూ తెలియవు. పాత పడుగు దారాలు అయిపోయి కొత్త పడుగు ఎక్కేలోపల దొరికే రోజులే నాకు సెలవు. ఆయనకు సెలవు మూఢంలో. ముహూర్తాలు లేకపోతే పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే బేరాలు లేవు, షావుకారు గుమస్తాలను వంతులవారీగా ఇంటికి పంపిస్తాడు. లోకమంతా మూఢం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తే, నేను ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తాను. ఈసారి నా పడుగూ ఆయన వంతూ ఒక్కచోట కలిశాయి. గురువారం నుంచి సోమవారం దాకా అయిదు రోజులు. ఇలా కలవడం పదకొండేళ్ళలో ఇదే మొదలు. మళ్ళీ ఎప్పుడు కలుస్తాయో పంచాంగం రాసేవాళ్ళకు కూడా తెలియదు.

మైసూరులో నా స్నేహితురాలు ప్రేమలత ఉంది. ఇద్దరం తాడిమర్రి బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. "ఆదివారం సాయంత్రం ప్యాలెస్‌కు దీపాలు ఏస్తారే ఆదిలక్ష్మీ, మా ఇంటికి దగ్గరే. ఇద్దరూ రాండి" అని ఎన్నేళ్ళుగానో పిలుస్తోంది. నిజం చెప్పాలంటే నాకు ప్యాలెస్ మీద అంత మోజు లేదు. మా ఆయన పక్కన నిలబడి ఏదో ఒకటి చూడాలని ఆశ. పెళ్ళి ఫొటో తీసినవాడి తర్వాత మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఎవరినీ, దేన్నీ చూడలేదు.

బుధవారం అన్నం వడ్డిస్తూ అడిగాను.

"మైసూరేనా? అదేం పనిలే. మూడు దోవలుండాయి" అన్నాడు.

మూడు అన్న మాట వినగానే నా గుండె జారిపోయింది.

గురువారం పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి వచ్చేసరికి, ఆయన చీరపెట్టె అట్ట చింపి దాని మీద గళ్ళు గీసుకుని కూర్చున్నాడు. ధర్మవరంలోనే రైలెక్కి నేరుగా పోవడం ఒక దోవ. పెనుకొండకు పోయి హైవే మీద బెంగుళూరు బస్సు పట్టుకోవడం రెండోది. హిందూపురం పోయి అక్కడి నుంచి బస్సులో పోవడం మూడోది. బెంగుళూరులో మైసూరు బస్సులు నిమిషానికొకటి ఉంటాయట, అక్కడ మాత్రం ఆలోచించే పని లేదట.

"నేరుగా పోయే రైలు ఎక్కల్లంటే నడిరేతిరి లేయల్ల" అన్నాడు.

"లేద్దాం."

"లేస్తాం సరే, నిద్ర చెడినోళ్ళకు ప్యాలెస్ ఏం కనపడ్తాది? పోనీ హిందూపురం దోవ అనుకుంటే మలుపులు జాస్తి. నీకు వాంతులైతాయి."

"నాకెప్పుడైనా అయినాయా?"

"నువ్వెప్పుడన్నా పోతే కదా కావడానికి!"

ఈ మాట ఆయన నవ్వకుండా అన్నాడు. నేను గరిటె తీసుకుని వంటింట్లోకి పోయాను.

ఆంధ్రా బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, దాంతో ఆయనకు ఇంకో తంటా వచ్చిపడింది. "ఒక మనిషికి టికెట్టు, ఒక మనిషికి ఊరికే. మనిషికి సరాసరి ఖర్చు ఎంతని లెక్కేసేది?" అని తల గోక్కున్నాడు. శుక్రవారం స్నేహితుడు సాయినాథ్ కారు అనే నాలుగో దోవ పుట్టింది. శనివారం పొద్దున ఆ దోవ చచ్చింది. దాని కర్మకాండలకు మధ్యాహ్నం దాకా పట్టింది.

అదే శనివారం కదిరి నుంచి ఎవరో ఫోన్ చేశారు. "అన్నా, మైసూరు పోవల్ల. ఎట్ల పోతే బాగుంటాది?" మా ఆయన ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. వాళ్ళు సరేనన్నారు, ఫోన్ పెట్టేశారు. అరనిమిషం కూడా పట్టలేదు. వాళ్ళకు ఒక్క దోవ, నాకు నాలుగు! ఒళ్ళు మండిపోయింది. బట్టలు సంచిలో కుక్కి, "రేపు పొద్దున ఆరింటి బెంగుళూరు బండికి నేను స్టేషన్లో ఉంటా. నువ్వూ ఉంటే మంచిది" అన్నాను.

వచ్చాడు. బెంగుళూరు పోయే ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన నేను, నా పక్కన ఆయన. చల్లగాలి కొడుతోంది. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది. ఇదే చాలు, ప్యాలెస్ లేకపోయినా పరవాలేదు అనిపించింది. ఆ సంతోషం గంట కూడా నిలవలేదు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగగానే ఫోన్లోంచి తలెత్తి, "దిగు దిగు! హైవే బస్సు మనల్ని నలబై నిమిషాలు ముందు చేరుస్తాది" అని సంచి అందుకున్నాడు.

నేను దిగాను. ఎందుకు దిగానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పదకొండేళ్ళ అలవాటు, కాళ్ళు నన్ను అడగలేదు.

ఆటోలో హైవే దగ్గరికి పోయాం. మొదటి బస్సు కిక్కిరిసి ఉంది. రెండోది ఆగలేదు. మూడోది ఆగింది, సీట్లు ఉన్నాయి, నేను మెట్టు మీద కాలు కూడా పెట్టాను. "వద్దు, ఇది బెంగుళూరు ముందర యలహంకలో ఊర్లోకి తిరిగి పోతాది. ఎనక వచ్చేది నేరుగా పోతాది" అని వెనక్కి లాగాడు. వెనక వచ్చింది టమాటా లారీ. రెండు గంటల పాటు నేను పెనుకొండ కొండను చూశాను. మంచి కొండే, కాదనను. దాన్ని చూడ్డానికి పదకొండేళ్ళు ఆగనక్కర్లేదు.

చివరికి హిందూపురం పోయే పల్లెవెలుగు దొరికింది. కండక్టరు నా ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. మా ఆయన దోవ పొడుగునా, మనం పొద్దున్నే హిందూపురానికే నేరుగా వచ్చి ఉంటే ఎంత మిగిలేదో వివరించాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

హిందూపురం బస్టాండులో దిగేసరికి పదకొండు దాటింది. బెంగుళూరు బస్సు ఇంజను ఆడిస్తూ నిలబడి ఉంది. "బెంగుళూరు, బెంగుళూరు! సీటుండాది, రాండి" అని కండక్టరు అరుస్తున్నాడు. నేను ఎవరినీ అడగలేదు. ఎక్కి, రెండు సీట్లు ఖాళీగా ఉన్నచోట కూర్చుని, పక్క సీటు మీద సంచి పెట్టాను.

ఆయన కిటికీ కింద నిలబడ్డాడు. "ఆదీ, దిగు. ఇది ఊరూరా ఆగుతాది. ఇంకోటి ఉండాది, ఇరవై నిమిషాలు ముందు పోతాది."

"ఎక్కు. నీకు సీటు పెట్టినా."

"రెండే నిమిషాలు. ఆ డ్రైవర్నడిగి వస్తా" అని అవతలి వరసలోకి పరిగెత్తాడు.

రెండు నిమిషాలు అయిదయ్యాయి. కండక్టరు లోపలికి తొంగిచూసి, "ఏమ్మా, మీ ఇంటాయన వస్తాడా రాడా?" అన్నాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా నా వైపే చూశారు. పదకొండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న అది. ఇంతమంది ముందు అడిగేసరికి జవాబు తేలిగ్గా వచ్చింది.

"రైట్ చెప్పప్పా" అన్నాను.

ఊరు దాటకముందే ఫోన్ మోగింది. "గౌరిబిదనూరులో దిగు, నేను ఎనక బస్సులో వచ్చి కలుస్తా!" సరేనని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. గౌరిబిదనూరు దాకా ఆ సంచిని పక్క సీటు మీదే ఉంచాను. అక్కడ ఒక కన్నడ ఆవిడ ఎక్కి, "ఎవరన్నా వస్తారా ఈడ?" అని అడిగింది. లేదని తల ఊపి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అంత బరువు సంచిలో ఏం పెట్టానో నాకే గుర్తులేదు.

బెంగుళూరులో మైసూరు బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కాను. ఆరున్నరకు ప్రేమలత నన్ను కౌగిలించుకుంది, ఏడింటికి ప్యాలెస్‌కు దీపాలు వేశారు. ఒక్కసారిగా భవనం భవనమంతా బంగారు జరీ కట్టుకుని లేచి నిలబడింది. జనం ఓ అని అరిచారు. నేనూ అరిచాను. అరిచి, పక్కకు తిరిగి చూశాను. అక్కడ ఎవరో పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని ఉన్నారు. చాలా దిగులేసింది, కోపం కూడా వచ్చింది, ఇంత మంచిది ఒంటిగా చూడాల్సి వచ్చిందే అని.

అప్పుడే ఫోన్ వచ్చింది.

"యాడుండావు?" అన్నాను.

"హిందూపురం బస్టాండులోనే. ఆ రెండో బస్సు ఈపొద్దు లేదంట. తర్వాత రైలుకు పోదామని స్టేషన్‌కు పోతి, మళ్ళీ ఈడికే వస్తి..." ఆయన గొంతు తగ్గింది. "ఆదీ, ఇప్పుడు రావల్లంటే ఎట్ల వస్తే మేలు?"

లోకానికంతా దోవ చెప్పే మనిషి, నన్ను దోవ అడిగాడు! నా కోపమంతా కరిగిపోయింది.

"ముందు ఏది వస్తే దాంట్లో ఎక్కు" అన్నాను. "నువ్వొచ్చేసరికి ఈ దీపాలుండవులే. నేనుంటా. పొద్దున్నే ఇద్దరం కలిసి చూస్తాం."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తున్నాడేమో అనుకుని నాకూ కళ్ళు తడిశాయి.

"ముందు వచ్చేదాంట్లో సీటు లేకుంటే?" అన్నాడు.

ఫోన్ ఆపి సంచిలో వేశాను. రేపు తిరిగిపోయేటప్పుడు హిందూపురం మీదుగానే పోతానని ప్రేమలతతో చెప్పాను, ఆయన్ను బస్టాండులో ఎక్కించుకుని పోవాలి కదా.