మానేసినోళ్ల భజన

తాగుడు మానాలని గురప్ప అనుకోవడం కొత్త కాదు. కానీ ఈసారి భార్య నాగలక్ష్మమ్మ ఏడవలేదు, శాపాలు పెట్టలేదు. "ఇంకొక్కసారి ఆ వాసనతో గడప తొక్కితే, రాట్నం ఎత్తుకొని రాయచోటికి మా అన్న ఇంటికి పోతా. మళ్లీ రాను" అని, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత నెమ్మదిగా చెప్పింది. ఆమె పోతే నూలు కండెలు చుట్టేదెవరు, మగ్గం నడిచేదెలా అన్నది తర్వాతి మాట. ఆమె లేని ఇల్లు ఎట్లుంటుందో ఊహించుకోవడం కూడా గురప్పకు చేతకాలేదు.

దారి చూపించింది పక్కింటి గిడ్డమ్మ. ఆమె కొడుకు సారా మానేశాడు. బద్వేలులో మానేసినవాళ్లంతా శనివారం మధ్యాహ్నం ఒకచోట చేరి భజన చేస్తారట, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటారట. ఎవరింట్లో అని అడిగితే మాత్రం నోరు మెదపలేదు. ఎందుకు మెదుపుతుంది? ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మద్యనిషేధం అంతకు ముందునుంచే ఉంది. మానేశానని చెప్పుకుంటే మొన్నటిదాకా నేరం చేశానని ఒప్పుకున్నట్టే. ఆ చట్టం సారాను ఆపలేకపోయింది గానీ, సారా మానాలనుకునేవాళ్ల నోళ్లు మాత్రం బాగా కట్టేసింది.

శనివారం గురప్ప బద్వేలుకు నడిచాడు. బజారులో పందిరి వేసి, మైకు పెట్టి మద్యనిషేధ సభ జరుపుతున్నారు. ఇదే కాబోలని ముందు వరసలో కూర్చున్నాడు. మన జిల్లాలో తాగేవాడు ఒక్కడూ లేడని ఖద్దరు చొక్కా పెద్దమనిషి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, గురప్ప కూడా కొట్టాడు. కొట్టాక అనుమానం వచ్చింది. ఒక్కడూ లేకపోతే మరి నేనెవరు? ఎంత ఆలోచించినా తెగక, లేచి వచ్చేశాడు.

ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? మానేసినవాళ్ల భజన అంటే బయటపడిపోతాడు. చివరికి వక్కాకు అంగడివాణ్ని, శనివారం భజన జరిగేది యాడప్పా అని మాత్రం అడిగాడు. అంగడివాడు అతని ఎర్రటి కళ్లు చూశాడు, వణికే చేతులు చూశాడు, తనకు తోచింది తాను అనుకున్నాడు. చిన్నగా నవ్వి సంత వెనక సందు చూపించాడు.

ఆ సందులో ఒక ఇంటి లోపల పటం, దీపం, తాళాల చప్పుడు. అందరూ జరిగి చోటిచ్చారు. పక్కనున్నవాడు తన పేరు నారాయణ అనీ, పోరుమామిళ్ల వైపు సేద్యగాణ్ననీ చెప్పి, ఇంట్లో గొడవనా అని ఆప్యాయంగా అడిగాడు. అంత మెత్తగా గురప్పను అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. కళ్లనీళ్లు పెట్టుకుని అంతా చెప్పేశాడు. విన్నవాళ్లు తలలూపారు. అమ్మయ్య, దొరికింది అనుకున్నాడు.

అప్పుడు తీర్థం ఇచ్చారు. ఇత్తడి గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నాక సారా వాసన తగిలింది.

"ఇది మానేసినోళ్ల భజన కాదా?" అని నారాయణ చెవిలో అడిగాడు.

నారాయణ తాళం ఆపాడు. "నేనూ దానికోసరమే వచ్చినాప్పా, పోయిన ఎండాకాలం. ఈడ కూచోబెట్టినారు, ఇచ్చినారు, తాగినా. అప్పట్నుంచీ ఈడికే వస్తాండా."

గురప్ప నాలుక ఆ గ్లాసు కోసం పీకుతోంది. అది దానంతటదే ఒలికిందో, తనే ఒంపేశాడో అతనికే తెలియదు. చొక్కా, పంచె తడిసిపోయాయి. బయటికి పరిగెత్తాడు. కాసేపటికి వెనకే నారాయణా వచ్చాడు. ఇద్దరూ సందులన్నీ తిరిగారు. శనివారం గనక ప్రతి సందులోనూ భజనే. ఏ తలుపు తట్టాలో తెలియలేదు, తట్టే ధైర్యమూ లేదు. ఈ వాసనతో ఇంటికెట్లా పోతావు, నేనొచ్చి చెప్తానన్నాడు నారాయణ. తాగనివాడికి తాగినవాడు సాక్ష్యం. అది తెలివైన పనో కాదో గురప్పకు అంతుపట్టలేదు.

పొద్దు వాలేసరికి ఊరు చేరారు. వాకిట్లో ఉన్న నాగలక్ష్మమ్మకు వాసన ముందే తగిలింది. లోపలికి పోయి రాట్నం మీద చెయ్యి వేసింది. గురప్ప తాగిన ప్రతిసారీ తాగలేదనే ఒట్టేశాడు. ఇప్పుడు అదే మాట నిజమైతే దానికి విలువేముంది?

నారాయణ వాకిట్లోనే నిలబడ్డాడు. "అమ్మా, ఆయప్ప తాగలేదు. నేను తాగినా. నేను తాగుబోతును. నా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు."

వీధిలోవాళ్లకు వినపడేటట్టు ఎవరైనా ఆ మాట అనడం గురప్ప ఎప్పుడూ వినలేదు.

"నేనూ అంతే. ఈ పొద్దు తాగలేదు. రేపేమో నాకు తెలీదు" అన్నాడు గురప్ప.

నాగలక్ష్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ఏముందో గురప్పకు అర్థం కాలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నారాయణకిచ్చింది.

"రేపు గూడా రా అన్నా. ఇద్దరూ ఈడనే కూచుందురు" అంది.

మొగుడితో మాత్రం ఒక్క మాటా అనలేదు. క్షమించిందో, రాయచోటికి బయల్దేరుతుందో తెలియక గురప్ప గుంజలా నిలబడిపోయాడు. నారాయణ వీధి మలుపు తిరిగాక గానీ వెలగలేదు. రేపు రమ్మని పిలిచిందంటే, పిలిచిన మనిషి రేపు ఈ ఇంట్లోనే ఉంటుంది. అతను వాకిట్లోనే కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.