ఎడమచేతి ముడి

ఎడమచేతివాటం వాళ్ళు వేసిన ముడి నిలవదని కొత్తపేటలో అందరూ నమ్మేవారు. అందుకే ఎడమచేతివాటమున్న బాలగంగాధరం భార్య శారదాంబ చేత ఊరివాళ్ళు ఏనాడూ గుడికి పూలదండలు కట్టించలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. 1979లో కూతురు హైమ కాన్వెంటులో చేరింది. దానిదీ తల్లి వాటమే. బూట్ల లేసులు దారిలోనే ఊడిపోతుంటే, తోటిపిల్లల నవ్వులకు జడిసి, ఇక బడికి వెళ్ళనని మొండికేసింది.

"దాని చేతివాటం మాన్పించరా. వాళ్ళమ్మ ముడే నిలవలేదు, దీనిది నిలుస్తుందా?" అంది అక్కగారు వెంకటరమణమ్మ.

"వాళ్ళమ్మని కట్టనిస్తే కదక్కా, నిలిచేదో లేదో తెలిసేది!"

అన్నాళ్ళూ అతను కూతురి పక్కన కూర్చుని నేర్పేవాడు. కుడిచేత్తో తను చేసేది ఎడమచేతికి అందేది కాదు. ఆ ఉదయం ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని, అరుగు మీద ఎదురుగా కూర్చున్నాడు.

"నన్ను అద్దం అనుకో. అద్దంలో చూసి చేసినట్టు చెయ్యి."

"అద్దానికి మీసాలుంటాయేంటండీ?"

"ఈ అద్దానికి ఉంటాయి. కానియ్యి."

హైమ ఎడమచేత్తో లేసు మడిచి, చిటికెనవేలు పైకెత్తి లాగింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు శారదాంబ వేలు అచ్చం అలాగే లేచేది. అతని చేతులు ఆగిపోయాయి. ఆ వేలును ఇంకాసేపు చూడాలనిపించింది.

"నాన్నగారండీ, ఆగిపోయారేంటి?"

"ఏం లేదమ్మా. మళ్ళీ ఒకసారి కట్టు."

రెండు బూట్లకూ తనే లేసులు కట్టుకుని వెళ్ళింది. సాయంత్రం కాలవగట్టు వెంట పరుగెత్తుకొచ్చింది. బూట్ల నిండా బురద. పొద్దున వేసిన ముళ్ళు రెండూ వేసినట్టే ఉన్నాయి.