గోడ వారన తవ్విన గుంత

"మేడం, జర ఇటు రాండ్రి. అద్దం పలిగింది."

మేస్త్రీ గుర్వయ్య మాట చెవిన పడగానే శైలజ గుంత అంచుకు వచ్చి చూసింది. పక్కింటి గోడకు సన్నటి చీలిక కనబడితే నిన్ననే దానికి అడ్డంగా ఒక గాజు ముక్క అంటించారు. గోడ కదలకుంటే గాజు నిలుస్తుంది. ఇప్పుడది రెండు ముక్కలైంది.

నారాయణపేటలో రెండు పాత ఇళ్ల నడుమ ఇరవై అడుగుల వెడల్పు జాగా అది. అందులో ఈ కాలపు చిత్రాలకు, శిల్పాలకు మ్యూజియం కట్టాలి. పక్కలకు చోటు లేదని పెద్ద హాలును భూమి లోపల పెట్టి ప్లాను గీసింది శైలజే. పక్కింటి మట్టిగోడ పునాది రెండడుగులకు మించి లేదు. అక్కడ కొంత తవ్వి, అంతమేర కాంక్రీటు గోడ లేపి, ఆ తర్వాతే మరికొంత తవ్వాలి. వానలు ముంచుకొస్తున్నాయని ఆమె మొత్తం ఒకేసారి తవ్వించింది. గుర్వయ్య వద్దన్నా వినలేదు.

పొద్దున్నుంచి ముసురు పడుతూనే ఉంది. శైలజ పక్కింట్లోకి పరుగెత్తింది. సోమమ్మ మగ్గంలో కూర్చుని చీర నేస్తోంది. తుంటి విరిగిన ఆమె భర్త భిక్షం సరిగ్గా ఆ గోడ వారనే మంచంలో ఉన్నాడు.

"అవ్వా, లేవుండ్రి! గోడ కూలేటట్టున్నది."

"ఆయన లేవలేడు గద బిడ్డా! యాడికి తీస్కపోవాలె?"

నలుగురు కూలీలు మంచం ఎత్తారు. గుమ్మం ఇరుకు. మంచం ఒరగగానే భిక్షం కేక పెట్టాడు. గోడ మీది సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఎట్లాగో అందరూ వీధిలో పడ్డారు.

ఇక గోడ మొదట్లో ఇసుక బస్తాలు పేర్చాలి. గుంతలోకి ఎవరూ దిగలేదు. శైలజే ముందు దిగింది, వెనుక గుర్వయ్య, ఆ తర్వాత మిగతావాళ్లు. బస్తా వేసినప్పుడల్లా పైనుంచి మట్టి రాలి మెడ మీద పడేది.

"జరుగుండ్రి!" గుర్వయ్య ఆమె రెక్క పట్టి గుంజాడు. ఆమె నిలబడ్డ చోటే గోడ మూల దబ్బున కూలింది. శైలజ బురదలోనే కూలబడింది.

మధ్యాహ్నానికి మిగతా గోడ నిలిచింది.

"చదువుకున్నదానివి. గిట్లయితదని నీకు తెల్వదా?" వీధిలో సోమమ్మ అడిగింది.

"తెలుసవ్వా. తెలిసే తవ్విపిచ్చిన."

సోమమ్మ మొహం తిప్పుకుని భర్త మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

శైలజ అదే మాట మ్యూజియం కట్టిస్తున్న కమిటీకీ చెప్పింది. వాన తగ్గాక పని సాగిద్దామని వాళ్లంటే, భూమి లోపల హాలు ఇక కట్టించనని తేల్చేసింది. గుంత పూడ్చారు. ముందు సోమమ్మ గోడ కట్టారు. అనుకున్నదానికంటే చిన్న హాలు పై అంతస్తులో లేచింది.

మ్యూజియం తెరిచిన రోజు భిక్షం కర్ర ఊతంతో వచ్చి బొమ్మలన్నీ చూశాడు. సోమమ్మ మాత్రం తన గడప దాటలేదు. శైలజే వెళ్లి పిలిచింది.

"లోపల గుంత లేదు గద?"

"లేదవ్వా."

"అయినా నేను రాను బిడ్డా," అంది సోమమ్మ.